బడిపాఠాల్లో కణం, అనువంశికత

బడిలో కణం పాఠానికి సుమారు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అనువంశికత పాఠం వయసు అంతకంటే తక్కువ; ఇరవయ్యో శతాబ్దం వచ్చేదాకా దానికి పుస్తకాల్లో చోటే లేదు. రెండూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం తరగతి గదిలోకి వచ్చాయి. వాటి మధ్య ఎడం నేటికీ పూడలేదు. పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే.

రాబర్ట్ హుక్ 1665లో బెండు ముక్కలో గదులను చూపాడు. 1838లో ష్లైడన్ మొక్కల గురించి, 1839లో ష్వాన్ జంతువుల గురించి రాసి, జీవులన్నీ కణాలతోనే ఏర్పడ్డాయన్న సిద్ధాంతాన్ని నిలబెట్టారు. అయినా బడుల్లో జీవశాస్త్రమంటే చాలాకాలం పేర్లు, వర్గీకరణలే. ఈ పద్ధతిని మార్చడానికి గట్టిగా పూనుకున్నవాడు ఇంగ్లండుకు చెందిన థామస్ హెన్రీ హక్స్‌లీ. 1870ల తొలి ఏళ్లలో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో ఉపాధ్యాయులకు వేసవి తరగతులు పెట్టి, పుస్తకం చదివించడంతో ఆగకుండా సూక్ష్మదర్శినిలో ఎవరికి వారు చూసి నేర్చుకునేలా చేశాడు. హెచ్.ఎన్. మార్టిన్‌తో కలిసి 1875లో వెలువరించిన ప్రయోగపాఠాల పుస్తకం ఈస్టుతో మొదలై, ఏకకణ జీవుల మీదుగా సాగి, కప్పతో ముగుస్తుంది. తర్కానికి ఆ వరుస బాగానే ఉంది. కానీ కొత్తవారికి ఒకేసారి కంటికి కనబడని లోకంలోకి దిగడం కష్టమైంది. 1888 నాటి సవరించిన కూర్పులో వరుసే తిరగబడింది: ముందు తెలిసిన జంతువు కప్ప, ఆ తర్వాతే సూక్ష్మజీవులు. నిర్మాణంలో సరళమైనది నేర్చుకోవడానికి కూడా సులువుగా ఉంటుందనుకోకూడదు. ఆరు, ఏడు తరగతులకు పాఠ్యపుస్తకం రాసేవారికి ఈ చిక్కు ఇప్పటికీ తప్పడం లేదు.

అనువంశికత కథ వేరు. బ్రూన్ పట్టణంలో గ్రెగర్ మెండెల్ 1865లో చదివి, 1866లో అచ్చువేసిన బఠానీ మొక్కల పరిశోధనను 1900 దాకా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1902, 1903 సంవత్సరాల్లో వాల్టర్ సటన్, థియోడార్ బోవెరి కణంలోని క్రోమోజోముల నడకకూ మెండెల్ చెప్పిన అనువంశిక కారకాల నడకకూ పొత్తు కుదురుతోందని గుర్తించారు. శాస్త్రంలో కణం, అనువంశికత కలిసిపోయిన ఘట్టం అదే. బడికి మాత్రం ఆ కలయిక రాలేదు. మూడుకు ఒకటి అనే నిష్పత్తీ, రెజినాల్డ్ పన్నెట్ గీసిన గళ్ల చదరమూ వచ్చాయి. మెండెల్ లెక్కపెట్టిన 7,324 గింజల్లో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. ఈ అంకెలు చూపితే నిష్పత్తి సుమారుగానే వస్తుందనీ, గింజలు ఎక్కువయ్యేకొద్దీ మూడుకు దగ్గరవుతుందనీ పిల్లలకు అర్థమవుతుంది. చదరం ఒక్కటే చూపితే, నాలుగు గింజలున్న కాయలో మూడు గుండ్రంగా, ఒకటి ముడతగా ఉండి తీరాలని అనుకుంటారు.

ఈ పాఠం చేసిన కీడు కూడా చెప్పుకోవాలి. అమెరికాలో 1914లో వచ్చిన జార్జ్ హంటర్ పుస్తకం 'ఎ సివిక్ బయాలజీ' పరిణామవాదం వల్ల ప్రసిద్ధికెక్కింది. ఆ పుస్తకం వాడుకలో ఉన్న టెనెస్సీలో, పరిణామం బోధించాడన్న నేరానికి 1925లో జాన్ స్కోప్స్‌కు వంద డాలర్ల జరిమానా పడింది. అదే పుస్తకం సుజననవాదాన్ని కూడా శాస్త్రంగా నేర్పింది. పేదరికం, నేరం, మందబుద్ధి రక్తంలోనే వస్తాయనీ, అలాంటి కుటుంబాలు సమాజానికి పరాన్నజీవులనీ పిల్లల చేత చదివించింది. ఆ వాదం అమెరికాలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకూ, జర్మనీలో హత్యాకాండకూ దారితీసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాఠ్యపుస్తకాలు ఆ మాటలను వదిలేశాయి.

చిన్న పొరపాట్లు ఇంకా మొండిగా నిలిచాయి. మనిషి కణంలో క్రోమోజోములు 48 అని థియోఫిలస్ పెయింటర్ 1923లో చెప్పిన లెక్కే దశాబ్దాల పాటు పుస్తకాల్లో చెల్లింది. 1956లో స్వీడన్‌లోని లుండ్‌లో టియో, లెవాన్ అవి 46 అని తేల్చారు. నాలుకను గొట్టంలా చుట్టగలగడం ఒకే జన్యువు పని అని జన్యుశాస్త్రవేత్త స్టర్టివంట్ 1940లో రాశాడు. ఒకేలాంటి కవలల్లో ఒకరు చుట్టగలిగి మరొకరు చుట్టలేకపోవడం 1952లోనే బయటపడింది. స్టర్టివంట్ కూడా తర్వాత తన మాట వెనక్కి తీసుకున్నాడు. అయినా నాలుక చుట్టించే కృత్యం తరగతుల్లో పోలేదు. అమ్మానాన్నలకు లేని లక్షణం తనకుందని గమనించిన పిల్లవాడి మనసులో అది అక్కర్లేని అనుమానం రేపగలదు.

పాఠాలను మార్చే ప్రయత్నాలూ జరిగాయి. సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరిన మరుసటి ఏడాది, 1958లో, అమెరికాలో జీవశాస్త్ర పాఠ్యక్రమ సంస్కరణ మొదలైంది. మన దేశంలో 1961లో ఎన్‌సీఈఆర్‌టీ ఏర్పడింది; పదో తరగతి దాకా విజ్ఞానశాస్త్రం అందరికీ తప్పనిసరి కావాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. మాధ్యమిక తరగతులకు అన్నిటికన్నా ధైర్యమైన ప్రయత్నం మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో జరిగింది. 1972లో 16 బడుల్లో మొదలైన ఆ కార్యక్రమంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ప్రయోగం చేసి, చర్చించి, తామే నిర్ణయానికి వచ్చేవారు; పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకునే వీలుండేది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేయడం విచారకరం.

తెలుగు బడుల్లో కణం పాఠం అంటే ముందుగా ఉల్లిపొరే. రేకును విరిస్తే లోపలి వైపు నుంచి పల్చటి పొర ఊడివస్తుంది. దాన్ని గాజుపలక మీద నీటిచుక్కలో పరిచి, ఒక చుక్క సాఫ్రనిన్ వేసి, కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి సూదితో మెల్లగా దించాలి. తొందరపడితే గాలి బుడగలు చేరతాయి. నల్లటి అంచున్న ఆ గుండ్రాలనే కణాలనుకుని బొమ్మ గీసే పిల్లలు ఉంటారు. సరిగ్గా కుదిరితే ఇటుకల వరుసలా కణాలూ, ఒక్కోదానిలో చుక్కలా కేంద్రకమూ కనిపిస్తాయి. పాఠం సాధారణంగా అక్కడితో ఆగుతుంది. అదే ఉల్లిగడ్డను గ్లాసు నీటి మీద నిలబెడితే కొద్ది రోజుల్లో వేళ్లు దిగుతాయి. ఉపాధ్యాయుడు వేరు కొనను ఆమ్లంలో మెత్తబరిచి, ఎసిటోకార్మైన్ పట్టించి, నలిపి చూపితే విడిపోతున్న క్రోమోజోములు కనిపిస్తాయి. కణం నుంచి అనువంశికతకు దారి ఇంత దగ్గర్లోనే ఉంది.

ఆ దారి చూపనప్పుడు ఏమవుతుందో లూయిస్, వుడ్-రాబిన్సన్ 2000లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఇంగ్లండులో 14 నుంచి 16 ఏళ్ల విద్యార్థులను ప్రశ్నిస్తే, జన్యువు, క్రోమోజోము, కణం మధ్య సంబంధం చాలామందికి తెలియలేదు. ఒకే మనిషిలోని వేర్వేరు రకాల కణాల్లో వేర్వేరు జన్యు సమాచారం ఉంటుందనుకున్నవారూ ఎక్కువే. అమెరికాలో 2013లో వచ్చిన నూతన విజ్ఞాన ప్రమాణాలు ఈ లోపాన్ని సరిదిద్దే దిశగా సాగాయి: క్రోమోజోముల మీది జన్యువులో మార్పు వస్తే ప్రోటీన్ ఎలా మారుతుందో, దానివల్ల జీవికి ఏమవుతుందో నమూనాతో వివరించడం మాధ్యమిక తరగతుల్లోనే మొదలుకావాలన్నాయి.

మన దగ్గర అడుగు వెనక్కి పడింది. కోవిడ్ తర్వాత భారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి పుస్తకం నుంచి కణం అధ్యాయాన్నే తీసేసింది. పదో తరగతిలో అనువంశికతను ఉంచి, దానితో కలిసి ఉన్న పరిణామాన్ని తొలగించింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దీన్ని వ్యతిరేకిస్తూ బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. ఆ కోత తర్వాత ఆ పుస్తకాలు చదివిన పిల్లలకు కణం గురించి విడిగా ఒక అధ్యాయం తొమ్మిదో తరగతిలోనే ఎదురైంది. మెండెల్ బఠానీలు ఆ మరుసటి ఏడాదే వచ్చాయి.