పొద్దుగూకితే మజిలీ ఎక్కడ?

ఇంటిని బండెక్కించడం పెద్ద కష్టమేమీ కాదు. పొద్దుగూకే వేళకి దాన్ని ఎక్కడ నిలపాలన్నదే తంటా.

విలియం గోర్డన్ స్టేబుల్స్‌కి ఆ తంటా బాగా తెలుసు. నౌకాదళంలో వైద్యుడిగా చేసి, పిల్లలకు సాహస కథలు రాసుకుంటూ బతికిన ఈ పెద్దమనిషి 1885లో బ్రిస్టల్‌లో తన కోసం ఒక క్యారవాన్ కట్టించుకున్నాడు. దానికి పెట్టిన పేరు ‘వాండరర్’, అంటే దేశదిమ్మరి. మహాగని చెక్కతో కట్టిన ఆ బండి బరువు దాదాపు రెండు టన్నులు, లాగేవి రెండే గుర్రాలు. జిప్సీలు బతుకుతెరువు కోసం అలాంటి బండ్లలో ఎప్పట్నించో తిరుగుతున్నారు. సరదా కోసం ఇంత డబ్బు పోసి కట్టించుకోవడం మాత్రం కొత్త. వెంట బండివాడు, ఒక న్యూఫౌండ్‌లాండ్ కుక్క, ఒక కాకటూ చిలుక. నౌకరు మాత్రం బండిలో కూర్చోడు. మూడు చక్రాల సైకిల్ తొక్కుకుంటూ ముందే వెళ్లి, దారి ఎలా ఉందో చూసి, రాత్రికి దిగడానికి చోటు వెతికిపెట్టాలి. ఇంగ్లండ్‌లోని బర్క్‌షైర్ నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ దాకా, సుమారు 1,300 మైళ్లు ఇదే వరస. యజమాని దేశదిమ్మరితనం నౌకరు పిక్కల మీద నడిచిందన్నమాట!

ఆ రోజువారీ విడిదికి తెలుగులో మంచి మాటే ఉంది: మజిలీ. 1830-31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రను మజిలీ మజిలీగానే రాసిపెట్టుకున్నాడు.

గుర్రాల స్థానంలో ఇంజను వచ్చాక అమెరికా వంతు. 1915లో రోలండ్ కాంక్లిన్ కుటుంబం న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరింది. వాహనం పొడవు 25 అడుగులు, బరువు ఎనిమిది టన్నులు. వంటగది, పడక బెర్తులు, కరెంటు దీపాలు, గ్రామఫోను, ఆఖరికి పైకప్పు మీద తోట కూడా! లేనిదల్లా దానికి తగ్గ రోడ్డే. అప్పట్లో పడమటి రాష్ట్రాల్లో చాలా మేరకు మట్టి బాటలే.

ఫోర్డ్ కార్లు చవకయ్యాక మామూలు జనం కూడా దారిపట్టారు. డబ్బాల్లో నిలవుంచిన తిండితో కాలక్షేపం చేసే వీళ్లు 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అనే సంఘం పెట్టుకున్నారు. కారు రేడియేటర్ మూత మీద అతికించిన తగరపు డబ్బాయే వీళ్ల గుర్తు. మొదట్లో ఊళ్లు వీళ్లను పిలిచి మరీ ఉచితంగా చోటిచ్చాయి. వచ్చేవాళ్లంతా డబ్బున్నవాళ్లు కారని తేలాక, 1920ల మధ్యకల్లా చాలా చోట్ల రుసుము పెట్టాయి.

1966లో అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ మోటార్‌హోమ్‌ల తయారీ మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడే సీబీఎస్ విలేకరి చార్లెస్ కురాల్ట్ ఒక మోటార్‌హోమ్‌లో దేశం మీద పడ్డాడు. పెద్ద హైవేలు వదిలేసి చిన్న రోడ్లే పట్టాడు. అలా తిరిగి తిరిగి ఆరు బండ్లను అరగదీశాడు. ఆఖరి బండి ఇప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో మజిలీ చేసింది.