జీపు తాళం పోపులపెట్టెలో

ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, "అయ్యో, వేశానా లేదా?" అని గుండె గుభేలుమని, వెనక్కొచ్చి తాళంకప్పని రెండుసార్లు లాగి చూసుకోని ఇల్లాలు ఉంటుందా? అలాంటి మనకి, తాళమే లేని బండి ఒకటి సగం ప్రపంచం చుట్టి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. ఆ బండి మనందరికీ తెలిసిన జీపే!

1940లో యూరప్‌లో యుద్ధం ముదురుతున్న రోజులు. కొండా గుట్టా, బురదా ఇసకా అనకుండా ఎక్కడికైనా పోగల చిన్న బండి అమెరికా సైన్యానికి కావలసి వచ్చింది. 135 కంపెనీలకి కబురు పెట్టారు. నమూనా బండికి ఇచ్చిన గడువు 49 రోజులు. మన దర్జీ పెళ్ళి రవికకే అంతకంటే ఎక్కువ తిప్పుతాడు! అయినా బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ ఏడు సెప్టెంబరు 23కల్లా బండిని తెచ్చి అప్పగించింది. ఆ తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకి పైగా జీపులు తయారుచేశాయి.

ఆ జీపు ఇంజను మీది మూత, అదే బానెట్, ఎలా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? ఆ పక్కొకటి, ఈ పక్కొకటి బయటే రెండు కొక్కేలు. వేలితో పైకి లాగితే చాలు, మూత లేచిపోతుంది. చిన్నపిల్లలైనా తియ్యగలరు. బండి కదిలించడానికి మొదట్లో తాళంచెవి ఉండేదట గాని, యుద్ధం సాగుతుండగా అదీ తీసేసి, తిప్పితే చాలన్నట్టు ఉత్త మీట పెట్టేశారు. ఎందుకలా చేశారో ఊహించడం కష్టం కాదు. నెత్తిమీద బాంబులు పడుతుంటే తాళంచెవి ఎవరి జేబులో ఉందని వెతుక్కుంటారు? ఆ జేబుగలవాడే దెబ్బతిని పడిపోయి ఉంటే?

ప్రాణం దక్కాలంటే తలుపు తెరిచి ఉండాలి. కాని తెరిచిన తలుపు దొంగకీ తలుపే కదా! శత్రువుల మాట అలా ఉంచండి, సొంత సైనికులే ఒకరి జీపు ఒకరు ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. సాయంత్రం ఒక దళం దగ్గర ఉన్న బండి తెల్లారేసరికి ఇంకో దళం దగ్గర, ఒంటిమీద కొత్త నంబరుతో! దాంతో కొందరు స్టీరింగుకి గొలుసు చుట్టి కప్ప వేశారు. మరికొందరు ఇంకా తేలికైన ఉపాయం పట్టారు. బండి దిగగానే బానెట్ ఎత్తి, రోటర్ ఊడదీసి జేబులో వేసుకుని వెళ్ళిపోయేవారు.

రోటర్ అంటే ఇంతా చేసి బొటనవేలంత ముక్క. ఆ జీపు పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లుంటాయి. వాటికి వరసగా నిప్పురవ్వ అందాలి. పంక్తిలో నలుగురికీ నెయ్యి వడ్డించే గరిటెలా, డిస్ట్రిబ్యూటర్ అనే డబ్బాలో గిరగిరా తిరుగుతూ ఆ పని చేసేది రోటర్. అది లేకపోతే ఇంజను గర్రుమంటుందే గాని అంటుకోదు.

ఇది సైనికుల చిట్కాగానే ఉండిపోలేదు. 1940లో జర్మన్లు దిగుతారన్న భయంతో ఇంగ్లండులో మామూలు జనం కూడా కారు వదిలి వెళ్ళేటప్పుడు అది కదలకుండా చేసి తీరాలని ప్రభుత్వం శాసించింది. రోటర్‌ని చేతిసంచీలో వేసుకుని బజారుకి వెళ్ళిన ఇల్లాళ్ళు ఎందరో పాపం!

యుద్ధం ముగిసింది. 1945లో మొదలైన మహీంద్రావారి కంపెనీ విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలోనే జీపులు బిగించసాగింది. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చేసరికి, పల్లెటూళ్ళో జీపు చప్పుడంటే ప్రభుత్వం వచ్చిందనే లెక్క.

అలాంటి సమితి జీపొకటి మా తాతయ్య ఇంటిముందు వేపచెట్టు కింద ఉండేది. అప్పటికి మా అమ్మకి ఎనిమిదేళ్ళు. ఒకరోజు పొద్దున్న చూస్తే బానెట్ కొక్కేలు రెండూ తీసున్నాయి. లోపల బాటరీ లేదు! సర్కారు సొత్తాయె. ఊరు ఊరంతా ఒకే మాట, "ఇంకెవరు, డ్రైవరు చేతివాటమే!" తాతయ్య నమ్మలేదు. కాని ఆ మాట డ్రైవరు చెవిన పడనే పడింది. రెండు రోజులు అతను అన్నం ముట్టలేదట.

మూడోనాడు కమ్మరి చేత బానెట్ కి గొళ్ళెం పెట్టించి, గొలుసు బిగించి కప్ప వేయించాడు. సాయంత్రం రోటర్ కూడా ఊడదీసి, తాళంచెవితో కలిపి తెచ్చి మా అమ్మమ్మ చేతిలో పెట్టాడు. "రాత్రిళ్ళు ఇవి మీ దగ్గరే ఉంచండి అమ్మగారూ. ఇక నన్నెవరూ అనడానికి లేదు," అన్నాడు. అమ్మమ్మ వాటిని బీరువాలో పెట్టి, బీరువా తాళాలు బొడ్లో దోపుకుంది. తాళం సొమ్మునే కాదు, మంచివాడి పేరునీ కాపాడుతుందని మా అమ్మ అంటూ ఉంటుంది.

కొన్నాళ్ళకి ఒక రాత్రి పక్క వీధిలో తొలిచూలు పిల్లకి నొప్పులు. మంత్రసాని వల్ల కాలేదు. ఆస్పత్రి పన్నెండు మైళ్ళు. జనం పరుగున వచ్చారు, డ్రైవరూ వచ్చాడు, జీపూ ఉంది. లేనిది అమ్మమ్మ! గుళ్ళో హరికథకి వెళ్ళింది, తాళాలు బొడ్లో పెట్టుకుని. మా అమ్మ చీకట్లో చెప్పుల్లేకుండా పరుగెత్తి, అంతమంది ఆడవాళ్ళలో అమ్మమ్మని వెతికి పట్టుకుని లాక్కొచ్చేసరికి అరగంట. ఆ అరగంటసేపు ఆ పిల్ల తల్లి వేపచెట్టు కింద నిలబడి, బానెట్ మీద చేతులు వేసి ఏడుస్తూనే ఉందట.

దేవుడి దయవల్ల తల్లీబిడ్డా క్షేమంగా తిరిగొచ్చారు. కాని అమ్మమ్మకి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. మర్నాడే రోటర్‌నీ తాళంచెవినీ గుడ్డపేలికలో చుట్టి పోపులపెట్టెలో, ఆవాలకీ మెంతులకీ మధ్య గదిలో పెట్టింది. పోపులపెట్టెకి తాళం ఉండదు. తాతయ్యకి, డ్రైవరుకి, మా అమ్మకి, పక్కింటి పిన్నిగారికి చెప్పింది. "దొంగకి తెలియకూడదు. మనవాళ్ళందరికీ తెలియాలి. అదే తాళమంటే!" అందట.

ఇప్పుడు రోజులు మారాయి. నేటి ఇంజనుల్లో ఆ రోటరూ లేదు. తాళంచెవిలోనే రహస్య సంకేతం దాచి, అది సరిపోతేనే ఇంజను కదిలేలా చేస్తున్నారు. చాలా కార్లకి బానెట్ మీట లోపలే ఉంటోంది. కాని జీపు వంశంలో పుట్టిన ర్యాంగ్లర్ కి ఇవాళ్టికీ ఆ పాత కొక్కేలు బయటే ఉన్నాయి. కొన్నవాళ్ళు మళ్ళీ వాటికి విడిగా తాళాలు కొనుక్కుని బిగించుకుంటున్నారు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ తగువు తీరలేదన్నమాట.

మా ఇంట్లోనూ తీరలేదనుకోండి. మొన్న మా అమ్మ మాత్రలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను, పిల్లలు తీస్తారేమోనని. అమ్మ నావైపు చూసి నవ్వింది. ఏమీ అనలేదు. పిల్లలకి అందని ఎత్తున వంటింటి పై అరలో పెట్టి, పెద్దవాళ్ళందరికీ ఆ చోటు చూపించాను.