ఓవియెడో నుండి ఓవియెడోకు

ఒక మనుష్యుని ముంజేతి చర్మము అతని కాలి మడమకు చేరిన వృత్తాంతమును నేడు చెప్పదలచినాము. ఆ చేతిమీద అతడు తన కుమార్తె పేరు పచ్చబొట్టు పొడిపించుకొన్నాడు. శస్త్రవైద్యుడు మడమపై పుండు కప్పుటకై ఆ చర్మమును తీసి అతికినప్పుడు, పేరులో కొంత భాగము కూడ కాలికి చేరినది. ఆ మనుష్యుడు స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు సాంతి కజోర్లా. ఆటలయందు ఆసక్తి లేని శ్రోతలు కూడ ఈ కథను కొంచెము ఓపికతో వినవలెనని కోరుచున్నాము. ఇందులో గోలుల లెక్క కొద్దిగానే ఉన్నది. తన పని తాను చక్కగా చేసికొనుచు, యజమానుల కలిమిలేములను బట్టి ఊరూరు తిరిగిన ఒక పనివాని చరిత్ర ఇది.

కజోర్లా 1984 డిసెంబరు 13వ తేదీన ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతములో, యానెరా అను చోట జన్మించినాడు. కొండలకు, బొగ్గుగనులకు పేరుపొందిన సీమ అది. దాని ముఖ్యపట్టణము ఓవియెడో. చిన్నతనముననే అతడు ఆ పట్టణపు క్లబ్బు రియల్ ఓవియెడో వారి బాలుర జట్టులో చేరి ఆట నేర్చినాడు. ఎత్తు ఐదున్నర అడుగులు మాత్రమే. అయినను కుడికాలు, ఎడమకాలు రెండును ఒకే తీరున పనిచేయుటచే, అతని సహజమైన కాలు ఏదో చూచువారికి అంతుపట్టెడిది కాదు. అతడు ఆడిన స్థానము నడిమి వరుసకును ముందు వరుసకును మధ్యది. పంక్తి భోజనములో ఎవరి విస్తరిలో ఏమి కొరవడినదో కనిపెట్టి వడ్డించువానివలె, ఏ ఆటగాని ముందు ఖాళీ ఉన్నదో గుర్తించి బంతి నక్కడికి పంపుట ఈ స్థానములోని వాని పని. గోలు కొట్టినవానికి పేరు వచ్చును; వడ్డించినవానిని ఆట తెలిసినవారు మాత్రమే గుర్తింతురు.

2003లో ఓవియెడో క్లబ్బు అప్పులలో మునిగినది. ఆటగాండ్రకు జీతములు చెల్లింపలేకపోయినది. మైదానములో ఓడి ఒక మెట్టు, బాకీలు తీర్చలేక మరొక మెట్టు దిగి, ఒక్క వేసవిలోనే రెండవ శ్రేణి నుండి నాలుగవ శ్రేణికి పడిపోయినది. పదునెనిమిదేండ్ల కజోర్లా తన క్లబ్బు పెద్దల జట్టులో ఒక్క ఆటయైన ఆడకుండగనే ఊరు విడువవలసి వచ్చినది. దేశమునకు తూర్పు తీరమున, పింగాణి పలకల పరిశ్రమతో బ్రతుకు చిన్న పట్టణమైన విల్లారియల్ అతనిని చేరదీసినది.

2006లో విల్లారియల్ వారు అతనిని ఉవెల్వా పట్టణమునకు పంపినారు. అక్కడి రెక్రియాతివో 1889లో స్థాపితమైన సంఘము. స్పెయిన్‌లోని ఫుట్‌బాల్ క్లబ్బులలో కెల్ల పురాతనమైనది. మొదటి శ్రేణికి అప్పుడే ఎక్కి వచ్చిన ఆ జట్టు కజోర్లా ఆడిన ఏడు ఎనిమిదవ స్థానమున నిలిచినది. మరుసటి ఏడే విల్లారియల్ అతనిని వెనుకకు పిలిపించుకొని, 2008లో రెండవ స్థానము సంపాదించినది. ఆ ఏటనే స్పెయిన్ జాతీయ జట్టులో అతనికి చోటు దొరకినది. ఐరోపా పోటీలలో ఇటలీతో జరిగిన ఆట పెనాల్టీల వరకు పోగా, అతడు తన వంతు బంతిని తొట్రుపాటు లేక గోలులోనికి పంపినాడు. జూన్ 29న వియన్నాలో స్పెయిన్ జర్మనీని ఓడించి విజేత అయినప్పుడు అతడు మైదానముననే ఉన్నాడు. కాని 2010లో స్పెయిన్ మొట్టమొదటిసారి ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, నడుమునొప్పి కారణమున జట్టులో లేడు. 2012లో ఐరోపా విజయమున మరల పాలు పంచుకొన్నాడు.

ఇంతలో డబ్బు అతనిని మరల కదలించినది. దక్షిణ తీరమందలి మలగా క్లబ్బును 2010లో కతార్ దేశపు షేకు ఒకడు కొన్నాడు. 2011లో కజోర్లాను ఆ క్లబ్బు పెద్ద మొత్తము నిచ్చి తెప్పించుకొన్నది. ఒక్క ఏడాదిలో మలగా నాలుగవ స్థానమునకు ఎక్కి, ఐరోపా ఛాంపియన్స్ లీగునకు మొదటిసారి అర్హత పొందినది. అప్పటికే అక్కడ జీతములకు, బాకీలకు కటకట ఏర్పడినది. ఫలితము అందిన వేసవిలోనే అది సాధించినవానిని అమ్ముకొనవలసి వచ్చినది. అతనిని అమ్మిన విల్లారియల్ కూడ అదే 2012లో రెండవ శ్రేణికి దిగజారినది.

2012 ఆగస్టులో లండన్‌లోని ఆర్సెనల్ అతనిని తీసికొన్నది. 2005 తరువాత ఆ సంఘమునకు ఒక్క బహుమతియు దక్కలేదు. 2014 మే 17న వెంబ్లీ మైదానమున ఎఫ్.ఎ. కప్పు తుది ఆట. ప్రత్యర్థియైన హల్ సిటీ మొదటి ఎనిమిది నిమిషములలోనే రెండు గోలులు కొట్టినది. పదునేడవ నిమిషమున దూరము నుండి ఫ్రీకిక్కుతో బంతిని గోలు చేర్చి ఆర్సెనల్‌కు ప్రాణము పోసినవాడు కజోర్లా. చివరకు 3–2తో కప్పు వారిదైనది. మరుసటి ఏడు కూడ వారే గెలిచినారు.

2016 అక్టోబరు 19న లుదోగొరెత్స్ జట్టుపై ఆర్సెనల్ 6–0తో గెలిచిన ఆట అతనికి ఆ సంఘము తరపున చివరిది. పాత మడమ గాయము తిరుగబెట్టినది. శస్త్రచికిత్స వెంట శస్త్రచికిత్స జరిగినను గాయము మానలేదు. లోపల సూక్ష్మక్రిములు చేరి మాంసము కుళ్లినది; మడమ నరములో సుమారు ఎనిమిది సెంటీమీటర్లు తినివేయబడినది. తోటలో బిడ్డతో నడువగలిగిన చాలుననుకొమ్మని వైద్యులు తనకు చెప్పినట్లు అతడే తరువాత వెల్లడించినాడు. స్పెయిన్‌లోని వితోరియా నగరమున నరమును బాగుచేసి, చేతి చర్మముతో పుండు కప్పినారు. ఈ మడమ పది శస్త్రచికిత్సలను చూచినది.

2018లో, దాదాపు రెండేండ్ల తరువాత, విల్లారియల్ అతనిని మూడవ మారు చేర్చుకొన్నది. 2019 జనవరి 3న రియల్ మాడ్రిడ్‌పై రెండు గోలులు కొట్టి ఆటను 2–2గా ముగించినాడు. ఆ ఏటనే నాలుగేండ్ల ఎడబాటు తరువాత జాతీయ జట్టునుండి పిలుపు వచ్చినది. 2020లో కతార్ వెళ్లి అల్ సద్ జట్టులో మూడేండ్లు ఆడినాడు.

ఇక ఓవియెడో సంగతి. 2012లో ఆ క్లబ్బు మూతపడు స్థితికి వచ్చినప్పుడు, అక్కడ పెరిగిన ఆటగాండ్రును, సామాన్యులును వాటాలు కొని నిలబెట్టినారు. వారిలో కజోర్లా ఒకడు. 2023 వేసవిలో అతడే ఆ క్లబ్బులో చేరినాడు. ఉచితముగా ఆడుటకు నియమములు ఒప్పుకొననందున, అవి అనుమతించు కనిష్ఠ జీతమునకు సంతకము చేసినాడు. తన పేరుగల చొక్కాల అమ్మకముపై పదవ వంతు బాలుర శాఖకు చెందవలెనని కోరినాడు. బాలుడుగా విడిచిన క్లబ్బు పెద్దల జట్టులో అతని మొదటి ఆట ముప్పది యెనిమిదవ ఏట జరిగినది.

2024లో మొదటి శ్రేణి అంచువరకు వచ్చి ఓవియెడో ఎస్పాన్యోల్ చేతిలో ఓడినది. 2025లో మరల అదే అవకాశము వచ్చినది. మిరాందెస్‌తో మొదటి ఆటలో 1–0తో ఓడి, జూన్ 21న సొంత మైదానమునకు వచ్చినారు. అక్కడ కూడ మొదటి గోలు ఎదుటివారిదే. అప్పుడు లభించిన పెనాల్టీని తీసికొన్నవాడు నలుబదేండ్ల కజోర్లా. బంతి గోలు చేరినది. అదనపు సమయమున ఓవియెడో 3–1తో గెలిచి, 2001లో పోగొట్టుకొన్న మొదటి శ్రేణిని ఇరువది నాలుగేండ్లకు తిరిగి పొందినది.

డబ్బు లేక ఒక క్లబ్బు, డబ్బు కొరకు మరొక క్లబ్బు, డబ్బుతో వేరొక క్లబ్బు ఈ ఆటగానిని చేతులు మార్చుకొన్నవి. అతడు ఎవరిని నిందించుచు కూర్చొనలేదు. పోయిన చోటనెల్ల వడ్డన చేసినాడు. తుదకు, జీతములు ఇయ్యలేక తన్ను పంపివేసిన ఇంటికి, జీతము కోరకయే వచ్చినాడు. విద్య నేర్పినవారికి ఋణపడి యున్నామని మనము తరచుగా అందుము. ఆ ఋణము తీర్చుటకు సమయము మించిపోయినదని వెనుదీయువారు మనలో ఎందరో ఉన్నారు. అట్టివారు నలుబదవ ఏట, అతుకులు పడిన మడమతో పెనాల్టీకి నిలిచిన ఈ పొట్టి మనిషిని ఒకసారి తలచుకొందురుగాక.