సోమపానానికి పూర్వం దీక్ష

త్వష్ట యాగంలో ఇంద్రుడు ఆహ్వానం లేకుండానే సోమాన్ని బలాత్కారంగా పానం చేశాడు. ఆ సోమం అతని సర్వాంగాల నుండి స్రవించి, బలతేజస్సులను హరించింది. అశ్వినులు, సరస్వతి సౌత్రామణితో చికిత్స చేసి అతనిని స్వస్థుని చేశారు. శతపథ బ్రాహ్మణంలోని ఈ వృత్తాంతంలో దోషం సోమరసానిది కాదు, దానిని సమీపించిన తీరుది. సోమప్రియుడైన దేవరాజుకే అట్టి పానం అనర్థహేతువైతే మర్త్యుల మాట చెప్పనక్కరలేదు. దీక్షావిధి అంతటా ఈ జాగరూకతయే గోచరిస్తుంది.

అగ్నిష్టోమం ఐదు దినాల క్రతువు. సోమాన్ని పిండి, ఆహుతిచ్చి, పానం చేసే సుత్యాదినం చివరిది. ప్రథమదినాన యజమానుడు క్షౌరం చేయించుకుని, స్నానమాచరించి, నవనీతం పూసుకుని, కన్నులకు అంజనం ధరిస్తాడు. ముంజగడ్డితో పేనిన మేఖల దాల్చి కృష్ణాజినంపై ఆసీనుడవుతాడు. అతనికి క్షీరమే ఆహారం, సత్యమే వాక్కు. పిడికిళ్లు బిగించి ఉంచడం మరొక నియమం. దీని అంతరార్థాన్ని ఐతరేయ బ్రాహ్మణం వివరించింది. దీక్షితుడు గర్భస్థ శిశువు. దీక్షాశాల గర్భాశయం, వస్త్రం ఉల్బం, కృష్ణాజినం జరాయువు. కనుక సోమాన్ని అందుకొనేవాడు పూర్వపు మనుష్యుడు కాడు, దీక్ష చేత పునర్జన్మ పొందినవాడు.

మనస్సుతో పాటు స్థలమూ సంస్కారం పొందుతుంది. తూర్పు దిశగా దూలం సాగే ప్రాచీనవంశశాలను నిర్మించి, చుట్టూ ఆవరణ కడతారు. దానికి తూర్పున మహావేది, అందులో సదోమండపం. ఆ మండపంలో ఋత్విజులు పరస్పరం అనుజ్ఞ కోరి, అది లభించిన పిమ్మటనే సోమాన్ని భక్షిస్తారు. ఇంద్రుడు ఉల్లంఘించినది సరిగ్గా ఈ మర్యాదనే.

సోమలత ఏదన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. 1968లో గోర్డన్ వాసన్ అది ఒక రకపు పుట్టగొడుగని ప్రతిపాదించాడు. ఎఫెడ్రా మొక్క అన్నవారూ ఉన్నారు. అసలు లత దొరకనప్పుడు పూతిక మొదలైన ప్రతినిధులను బ్రాహ్మణగ్రంథాలే విధించాయి. ద్రవ్యం మారినా దీక్ష మారలేదు. తిక్కన పేరులో నిలిచిన ‘సోమయాజి’ శబ్దం కూడా సోమం తాగినవానిని కాక, సోమంతో యజించినవానిని తెలుపుతుంది.

ఆధునిక కాలంలో ఇదే ప్రశ్న అమెరికాలో తలెత్తింది. 1962 ఏప్రిల్ 20న, గుడ్ ఫ్రైడే నాడు, బోస్టన్ విశ్వవిద్యాలయపు మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాంకె ఒక ప్రయోగం నిర్వహించాడు. క్రైస్తవ ధర్మశాస్త్ర విద్యార్థులు ఇరవై మందిని ముందుగా సన్నద్ధులను చేసి, వారిలో పదిమందికి సైలోసైబిన్ ఇచ్చాడు. ఆ పదిమందిలో అధికులు గాఢమైన ఆధ్యాత్మికానుభవాన్ని వర్ణించారు. అదే ప్రార్థనలో పాల్గొన్న తక్కినవారికి అంతటి అనుభవం కలుగలేదు. కనుక ద్రవ్యానికి శక్తి లేదనలేము. అయితే సైలోసైబిన్ తీసుకున్నవారిలో ఒకరు తీవ్రంగా కల్లోలపడగా, శాంతపరచే సూదిమందు ఇవ్వవలసి వచ్చింది. 1964లో తిమోతీ లియరీ, రాల్ఫ్ మెట్జ్‌నర్, రిచర్డ్ ఆల్పర్ట్ తమ గ్రంథంలో అనుభవ స్వరూపాన్ని ముఖ్యంగా మనఃస్థితి, పరిసరాలు నిర్ణయిస్తాయని వ్రాశారు.

వైదిక విధి ఈ రెండింటితో ఆగలేదు. యాగాంతంలో అవభృథస్నానం ఉంది. యజమానుడు నీటిలో దీక్షను విసర్జించి, నూతన వస్త్రాలు ధరించి గృహానికి మరలుతాడు. ఆ లోకంలోకి ప్రవేశించడానికి ఎంత నియమమో, ఈ లోకానికి తిరిగి రావడానికీ అంత నియమం. రసానికి శక్తి ఉన్నదని ఋషులు ఎరిగినందువల్లనే అధికారాన్ని, అనుజ్ఞను, అవభృథాన్ని దానికి ఎల్లలుగా నిలిపారు.