వై-ఫై తాళాల వెనుక కథ

మన హౌసింగ్ బోర్డు కాలనీలో ఏ అపార్టుమెంటు బాల్కనీలో నిలబడి సెల్‌ఫోన్ తీసినా ఇరుగుపొరుగు వారి వై-ఫై పేర్లు పదిహేను, ఇరవై కనబడతాయి. గోడలు ఎవరివి వారివే గాని, రేడియో తరంగాలకు గోడలు లెక్కలేదు. రౌటరులో ‘సెక్యూరిటీ’ అన్నచోట డబ్ల్యు.ఇ.పి., డబ్ల్యు.పి.ఎ., డబ్ల్యు.పి.ఎ.-2, డబ్ల్యు.పి.ఎ.-3 అని వరుసగా కనబడే పేర్లు చూసి మన సభ్యులు పలువురు తికమక పడుతున్నారు. ఒక తాళం విరిగినప్పుడల్లా దాని బదులు చేసిన మరో తాళమే ఆ వరుస.

మొదటిది డబ్ల్యు.ఇ.పి. 1997లో వై-ఫై ప్రమాణంతో పాటే వచ్చింది. గూఢలిపి సాధనాల ఎగుమతిపై అప్పట్లో అమెరికా ఆంక్షలు ఉండటంతో దాని తాళంచెవిని 40 బిట్లకే కుదించారు. తర్వాత 104 బిట్లకు పెంచినా అసలు లోపం పోలేదు. పంపే ప్రతి ప్యాకెట్టుకూ జతచేసే మారుడు సంఖ్య 24 బిట్లదే. అంటే సుమారు 1 కోటి 67 లక్షల సంఖ్యలు. వినడానికి ఎక్కువే గాని, రద్దీగా ఉన్న నెట్‌వర్కులో కొన్ని గంటల్లోనే అవి అయిపోయి పాతవే మళ్ళీ వస్తాయి. పుస్తకం అయిపోయిందని పాత నంబర్లతోనే రశీదులు రాస్తే ఆడిటు వారు ఊరుకుంటారా? 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే శాస్త్రజ్ఞులు ఆ సంఖ్యల్లో కొన్నిటి ఆధారంగా తాళంచెవినే రాబట్టవచ్చని నిరూపించారు. 2007లో జర్మనీ పరిశోధకులు ఆ పని నిమిషంలోపే చేసి చూపారు.

పాత యంత్రాల్లోనే సాఫ్ట్‌వేర్ మార్చి వాడుకునేలా 2003లో డబ్ల్యు.పి.ఎ. తెచ్చారు. అది తాత్కాలిక ఏర్పాటు. ఎ.ఇ.ఎస్. అనే గట్టి గూఢలిపితో 2004లో డబ్ల్యు.పి.ఎ.-2 వచ్చింది.

ఇంత జరుగుతున్నా మన వైపు తాళం వేసుకోవాలన్న ధ్యాసే ఉండేది కాదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక సాఫ్ట్‌వేర్ పిల్లలు మన కాలనీలో అద్దెకు దిగారు. క్రమంగా బ్రాడ్‌బ్యాండ్, వై-ఫై మన ఇళ్ళలోకీ వచ్చాయి. 2007లో మా ఇంట రౌటరు బిగించిన కుర్రవాడు పాస్‌వర్డ్ పెట్టకుండానే వెళ్ళాడు. వాడిన మెగాబైట్ల లెక్కన బిల్లు వచ్చే రోజులవి. రెండో నెల బిల్లు మూడింతలైంది. మేము పంపింది రోజుకొక ఈమెయిల్!

మా నష్టం డబ్బుతో పోయింది. 2008 జులై 26న అహ్మదాబాదు పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ ఆచూకీ తీస్తే, అది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఫ్లాటులోని కనెక్షను నుంచి వెళ్ళినట్లు తేలింది. తాళం లేని ఆయన వై-ఫైని ఎవరో వాడుకున్నారు. ఏ పాపమూ ఎరుగని ఆయనకు పోలీసు విచారణ తప్పలేదు. 2009 జనవరిలో ముంబై పోలీసులు వీధుల్లో తిరుగుతూ తాళం లేని వై-ఫైలను వెతికారు. ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. మన బ్యాంకు లావాదేవీలకు బ్యాంకు వేసే తాళం వేరే ఉంటుంది. మన కనెక్షను మీద పొరుగువారు ఏం చేసినా పేరు మాత్రం మనదే పడుతుంది.

డబ్ల్యు.పి.ఎ.-2కూ పక్కదారులు దొరికాయి. 8 అంకెల పిన్‌తో ఫోన్లు కలిపే డబ్ల్యు.పి.ఎస్. అందులో ఒకటి. ఆ అంకెలను రెండు ముక్కలుగా సరిచూడటం వల్ల 11 వేల ప్రయత్నాల్లోపే తెరవవచ్చని 2011లో బయటపడింది. ట్రెజరీ స్ట్రాంగ్ రూముకు డబుల్ లాకు వేసి కిటికీ తీసి ఉంచడమంటే ఇదే. 2017లో బెల్జియం పరిశోధకుడు మాతీ వాన్‌హూఫ్ చూపిన మరో లోపాన్ని సాఫ్ట్‌వేర్ సవరణలతో సరిచేశారు. 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.-3లో, గాలిలో పోయే సందేశాన్ని పట్టుకుని తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహించే వీలు తీసివేశారు.

కనుక రౌటరులో డబ్ల్యు.పి.ఎ.-3 ఉంటే అదే పెట్టుకోగలరు. పాత ఫోన్లు కలవకపోతే 2, 3 కలిసిన పద్ధతి, అదీ లేకుంటే డబ్ల్యు.పి.ఎ.-2 ఎ.ఇ.ఎస్. చాలు. డబ్ల్యు.పి.ఎస్. ఆపివేయడం మేలు. డబ్ల్యు.ఇ.పి. తప్ప మరొకటి తెలియని పాత రౌటరును ‘పనిచేస్తోంది కదా’ అని ఉంచుకోవద్దు. ఆ పొదుపు మనకు అలవాటే. ఇంటిపేరూ సెల్ నంబరూ కలిపి పాస్‌వర్డ్ చేసేవారు మనలో ఎక్కువ. పక్క ఫ్లాటు వారికి ఆ రెండూ ముందే తెలుసు. నేను ఒకదానికొకటి పొంతనలేని ఐదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. సెలవులకు వచ్చినప్పుడల్లా అది టైపు చేయలేక మా మనవడు విసుక్కుంటాడు.