వర్ధంతి: పెరిగే మాట

జనవరి 22 వస్తే గిడుగు రామమూర్తి పంతులుగారి వర్ధంతి అంటూ ఫ్లెక్సీలు కడతాం. మాట పుట్టుక చూస్తే మాత్రం విచిత్రమే. మూలం సంస్కృతంలోని 'వృధ్' ధాతువు, అంటే పెరగడం. వృద్ధి, వర్ధమాన, వర్ధిల్లు దీని తోబుట్టువులే. కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజు వేడుక. మైసూరు మహారాజుల జన్మదినోత్సవాన్ని అలాగే అనేవారు. ఆ ఆహ్వానం అందుకుని మనవాడెవడైనా సంతాపం చెప్పి ఉంటే!

తెలుగులో మాత్రం అది పోయినవారిని తలుచుకునే రోజు. ఇంట్లో పెట్టేది తద్దినం, సంవత్సరీకం. దండలతో, ఉపన్యాసాలతో నలుగురిలో జరిపేది వర్ధంతి. ఇంత చక్కగా పని పంచుకున్న మాటను ధాతువు పేరు చెప్పి వెలివేయడం నాకు నచ్చదు. గిడుగువారు పోరాడింది వాడుక భాష కోసమే కదా.

తప్పు వేరేచోట ఉంది. సగం ఫ్లెక్సీల మీద 'వర్థంతి' అని కనిపిస్తుంది. వర్ధిల్లులో ఉన్న 'ధ'యే ఇక్కడా ఉండాలి. బతికున్న నాయకుడికి 'జయంతి శుభాకాంక్షలు' చెప్పడం ఇంకో పొరపాటు. ఆయనకు పుట్టినరోజు చాలు.

ఈసారి అచ్చుకిచ్చే ముందు వర్ధంతిలోని ఆ 'ధ' పొట్టలో చుక్క ఉందేమో చూడండి. ఉంటే తీసేయించండి.