బంగారం దొరకక ముందు ఆ ఊరికి చరిత్ర లేదా?



మనం చదివే జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో క్లాండైక్ అంటే కెనడాలో బంగారం దొరికిన చోటు. అంతే, ఒక్క లైను. కానీ ఆ పేరే ఆదివాసీల మాట అని ఎక్కడా రాయరు. అందుకే ఈ పోస్టు.

కెనడా వాయవ్య మూలన, అలాస్కా సరిహద్దుకు దగ్గరలో, క్లాండైక్ నది యూకాన్ నదిలో కలిసే చోట డాసన్ సిటీ ఉంది. పేరుకే సిటీ. 2021 లెక్కల ప్రకారం జనాభా 1,577. కానీ 1898లో అక్కడ దాదాపు 30 వేల మంది ఉండేవారని చెప్తారు.

అక్కడి హాన్ భాషలో ఆ నది పేరు 'ట్రొండెక్'. సుత్తిరాయి నీళ్లు అని అర్థం. సాల్మన్ చేపలు పట్టడానికి నదికి అడ్డంగా కర్రలు పాతి దడి కట్టేవాళ్లు. ఆ కర్రల్ని దిగగొట్టే రాయి పేరే నదికి వచ్చింది. బయటివాళ్లకు నోరు తిరగక అది క్లాండైక్ అయింది. ఆ నది మనుషుల్ని ట్రొండెక్ హ్వెచిన్ అంటారు. రెండు నదులు కలిసే చోట ట్రొచెక్ అనే వాళ్ల చేపల మకాం ఉండేది.

1896 ఆగస్టులో అక్కడికి దగ్గర్లోని ఒక వాగులో బంగారం బయటపడింది. అప్పుడు అక్కడున్నది కేష్, అతని అక్కచెల్లెళ్లలో ఒకరైన షా ట్లా, వాళ్ల మేనల్లుడు డాసన్ చార్లీ, షా ట్లా భర్త జార్జ్ కార్మాక్. మొదటి ముగ్గురూ ట్యాగిష్ ఆదివాసీలు. కానీ 'డిస్కవరీ క్లెయిమ్' మాత్రం తెల్లవాడైన కార్మాక్ పేరున నమోదైంది.

1897 జూలైలో ఆ బంగారంతో ఓడలు శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్ చేరాయి. ఇంకేముంది, సుమారు లక్ష మంది బయలుదేరారు. ఏడాదికి సరిపడా సరుకులు, అంటే దాదాపు ఒక టన్ను, వెంట ఉంటేనే పోలీసులు సరిహద్దు దాటనిచ్చారు. మంచు కనుమల మీదుగా ఆ బరువు మోసుకుంటూ వెళ్లి 30, 40 వేల మందే చేరారు. చేరేసరికి మంచి వాగులన్నీ ముందొచ్చినవాళ్ల చేతిలో ఉన్నాయి.

మరి అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ల సంగతేంటి? ట్రొచెక్ చేజారింది. ఇళ్లకీ గనులకీ అడవి నరికేశారు, వేట తగ్గింది, కొత్త రోగాలొచ్చాయి. వాళ్ల పెద్ద చీఫ్ ఐజాక్ తన జనాన్ని నది దిగువన 5 కిలోమీటర్ల దూరంలోని మూస్‌హైడ్‌కు తీసుకెళ్లాడు. ఇంకో పని కూడా చేశాడు. ఈ గందరగోళంలో తమ పాటలు, నాట్యాలు పోతాయని భయపడి, వాటిని అలాస్కాలోని బంధువులకు అప్పగించాడు. మీ దగ్గర దాచండి అని. మనం విత్తనాలు చుట్టాల ఇంట్లో దాచినట్టే కదా!

1899లో అలాస్కాలోని నోమ్‌లో బంగారం దొరికిందనగానే వేలమంది డాసన్ వదిలేశారు. తర్వాత పెద్ద డ్రెడ్జర్ యంత్రాలు వాగుల్ని తవ్విపోశాయి. 1959లో ఆగిపోయిన నాలుగో నంబరు డ్రెడ్జర్‌ను ఇప్పుడు టూరిస్టులు చూస్తారు. అది వదిలిన గులకరాళ్ల దిబ్బలు ఇంకా అట్లే ఉన్నాయి. 1953లో యూకాన్ రాజధాని హోదా కూడా వైట్‌హార్స్‌కు పోయింది.

ఇప్పటి డాసన్‌లో మట్టి రోడ్లు, చెక్క కాలిబాటలు. కింద గడ్డకట్టిన నేల కరిగి కొన్ని పాత ఇళ్లు ఒరిగాయి. వేసవిలో టూరిస్టులొస్తారు, వాగుల్లో బంగారం పని ఇంకా నడుస్తోంది.

ఆదివాసీలు ఊరుకోలేదు. 1973లో యూకాన్ ఆదివాసీ పెద్దలు ఒట్టావా వెళ్లి తమ భూమి డిమాండును ప్రధాని చేతిలో పెట్టారు. పాతికేళ్లు పట్టింది. 1998లో ట్రొండెక్ హ్వెచిన్‌లు ఒప్పందం మీద సంతకం చేశారు. సొంత ప్రభుత్వం, సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల భూమి దక్కాయి. అలాస్కా నుంచి పాటలు తిరిగొచ్చాయి. రెండేళ్లకోసారి మూస్‌హైడ్‌లో జనమంతా కలుస్తారు. 2023లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. బంగారం గొప్పదనం కోసం కాదు, వలస పాలనలో ఆదివాసీలు ఏం అనుభవించారో, ఎలా నిలబడ్డారో చూపినందుకు.

అయితే అంతా బాగైపోలేదు. యూకాన్ నదిలో చినూక్ సాల్మన్ బాగా తగ్గి, 2024లో కెనడా, అలాస్కా ప్రభుత్వాలు ఏడేళ్లు వేట ఆపాలని ఒప్పుకున్నాయి. ఏ చేప కోసం ఆ నదికి పేరొచ్చిందో ఆ చేపే ఇప్పుడు కరువు.

మనకూ ఇందులో పాఠం ఉంది. 1/70 చట్టం, 1997 సమతా తీర్పు మన చేతిలో ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంత భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. కానీ కాగితం ఒక్కటే చాలదు. ఆ భూమి మనదని చెప్పే పేర్లు, పాటలు మనకు తెలిసుండాలి. అవి మన అవ్వల దగ్గరే ఉన్నాయి, మనమే రాసుకోవాలి.

ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ ఊరి పేరుకు, మీ వాగు పేరుకు మన భాషలో అర్థమేంటో అడిగి రండి. ఇక్కడే రాద్దాం.